పెట్టెలో పుట్ట: నల్లగొండ ఎండల్లో మొదటి పెంపుడు పాముకు ఇల్లు

ఏప్రిల్ చివరికొచ్చేసరికి నల్లగొండ, మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్లలో పాములు కనపడే చోట్లు మారిపోతాయి. పొలం గట్టు మీదో గడ్డివాము పక్కనో ఉండాల్సిన పాము కూలర్ కింద చుట్ట చుట్టుకుని కనిపిస్తుంది. లేదంటే బాత్రూంలో బకెట్ వెనక, రంజన్ కింద పోసిన తడి ఇసుకలో. "ఎండలకు బయటికొస్తున్నయ్" అనుకుంటారు జనం. అవి ఎండ నుంచి పారిపోయి వస్తున్నాయి. ఇంటి మొత్తంలో చల్లగా, తడిగా, చీకటిగా ఉన్న మూల ఏదో వెతుక్కుని అందులోనే దూరుతున్నాయి.

మొదటిసారి పాము పెంచాలని పెట్టె తయారు చేసుకునేవాళ్లు ముందుగా ఈ కూలర్ కింది పాము గురించి ఆలోచించాలి. పాముల పెంపకం మీద దొరికే సమాచారంలో చాలావరకు చలిదేశాల వాళ్లు రాసుకున్నది. వాళ్ల గదుల్లో మామూలుగా ఉండేది 20 డిగ్రీలు. అందుకే వాళ్ల బాధంతా వేడి పుట్టించడం గురించే: ఏ బల్బు, ఎన్ని వాట్ల హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పల్చటి చాప), ఏ సిరామిక్ హీటర్. ఆ సామాను జాబితా చూసి అన్నీ తెప్పించుకుని, 44 డిగ్రీల మే నెలలో స్లాబు కింద గదిలో పెట్టెకు హీటర్ బిగిస్తే పాము బతకదు. దక్షిణ తెలంగాణలో హీటర్ నిజంగా అవసరమయ్యేది చలికాలం రాత్రులకు, అటూ ఇటూ కొన్ని వారాలకు. మార్చి నుంచి జూన్ దాకా సమస్య పూర్తిగా తిరగబడుతుంది. అప్పుడు పెట్టెలోకి వేడి రాకుండా ఎలా ఆపాలన్నదే అసలు ప్రశ్న. పెట్టె కొలతలు, చెక్క, అద్దం, గదిలో అది ఉండే మూల, అన్నీ ఈ ప్రశ్నకు జవాబుగానే నిర్ణయం కావాలి.

ఏ పాము?

పెట్టె సంగతికి ముందు పాము సంగతి తేల్చుకోవాలి. మన చేలల్లో తిరిగే ఏ పామునూ ఇంట్లో పెంచుకోకూడదు. నాగుపాము, జెర్రిపోతు, నీరుకట్టు, కొండచిలువ, రెండు తలల పాము, అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవే. కొండచిలువ అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని పట్టి దాచుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు శిక్ష పడొచ్చు. రెండు తలల పాము ఇంట్లో ఉంటే కలిసొస్తుందని నమ్మించి లక్షల్లో బేరం పెట్టేవాళ్లు అప్పుడప్పుడూ పట్టుబడుతూనే ఉంటారు. ఆ పాముకు ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉండి రెండో తలలా కనపడుతుంది, అంతే.

చట్టం మాట అటుంచినా ప్రాణం మాట ఉంది. పిల్ల కొండచిలువ అనుకుని రక్తపింజరను చేత్తో ఎత్తడం మన దగ్గర జరిగే పొరపాటే. రెండింటి ఒంటి మీదా గోధుమరంగు మచ్చలే, రెండూ లావుగానే ఉంటాయి, కంగారులో తేడా తెలియదు. ఇంట్లోకి వచ్చిన పామును అటవీశాఖ వాళ్లకు గానీ, 1995 నుంచి ఈ పని చేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి శిక్షణ ఉన్నవాళ్లకు గానీ చెప్పి పట్టించాలి. అది పెంపుడు పాము అవ్వదు.

పెంచుకునేందుకు మిగిలేవి విదేశీ జాతులు. వాటిలో కొత్తవాళ్లకు ఎక్కువగా చెప్పేవి రెండు: పశ్చిమ, మధ్య ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల కార్న్ స్నేక్. రెండూ విషం లేనివే, రెండూ సుమారు నాలుగైదు అడుగుల దగ్గర ఆగిపోతాయి. బాల్ పైథాన్ అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాలో ఉంది. అలాంటి జాతుల కోసం 2022లో మన చట్టాన్ని సవరించారు, 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం జంతువు చేతికొచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేయాలి. అది చనిపోయినా, పిల్లలైనా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. కాగితాలు లేకుండా "ఏం కాదు, అందరూ ఇలాగే కొంటారు" అనే అమ్మకందారు దగ్గర కొనడమంటే కేసు కొనుక్కోవడమే. బర్మా కొండచిలువను కూడా విదేశీ పాము పేరుతో అంటగట్టేవాళ్లుంటారు. అది మన ఈశాన్య అడవుల్లో ఉన్న పామే. పైగా మనిషి కంటే పొడవు పెరుగుతుంది.

ఆయుష్షు కూడా లెక్కేసుకోవాలి. బాల్ పైథాన్ 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. ఇంటర్ చదివే పిల్లాడు ముచ్చటపడి తెచ్చుకుంటే, వాడి పిల్లలు బడికి పోయే నాటికీ ఆ పాము ఉంటుంది. మధ్యలో వాడు చదువుకు హైదరాబాద్ పోతే, ఉద్యోగానికి బెంగళూరు పోతే, ఎలుకను చిమటాతో (పట్టకారుతో) పట్టుకుని తినిపించాల్సింది ఇంట్లో అమ్మే. ఆమెను అడిగాకే కొనడం మంచిది.

పుట్ట ఎలా పనిచేస్తుంది

బాల్ పైథాన్ సొంత ఊళ్లో, అంటే ఘనా, టోగో, బెనిన్ పక్కల, పగలంతా ఎలుకల బొరియల్లోనో చెదపుట్టల్లోనో గడుపుతుంది. మన పాములూ అంతే. ఆ పుట్టను కట్టింది చెదలు, అందులో కాపురం ఉండేది పాము. నాగుల పంచమికి పుట్టలో పోసే పాలు పాము తాగదు గానీ, పాము ఎక్కడుంటుందో మన పెద్దవాళ్లు సరిగ్గానే కనిపెట్టారు.

పుట్టలో ఉన్న గుణాలు చూస్తే పెట్టె ఎలా ఉండాలో తెలిసిపోతుంది. లోపల చీకటి. దారులు ఇరుకు, పాము ఒళ్లు అన్నివైపులా గోడకు తగులుతుంది. బయట ఎండ మండుతున్నా మట్టి గోడల వెనక వేడి నెమ్మదిగా ఎక్కుతుంది, నెమ్మదిగా దిగుతుంది. లోతుకు పోయేకొద్దీ చల్లదనం, తేమ. పాముకు మనలా ఒంట్లో స్థిరమైన వేడి పుట్టదు. అరగాలంటే కాస్త వెచ్చటి చోటుకు జరుగుతుంది, వేడెక్కితే లోతుకు జారుతుంది. ఆ జరగడమే దాని ఒంటిని నడిపిస్తుంది. పెట్టె ఈ జరిగే అవకాశం ఇవ్వాలి. బాల్ పైథాన్‌కు ఒక కొస 31, 32 డిగ్రీలు, ఇంకో కొస 25, 26 ఉంటే సరిపోతుంది. కార్న్ స్నేక్‌కు వెచ్చటి వైపు 29, 30, చల్లటి వైపు 23, 24.

ఈ లెక్కన చూస్తే చాలామంది మొదట కొనే చేపల అక్వేరియం అన్నిటికంటే చెడ్డ ఇల్లు. నాలుగువైపులా అద్దమే కాబట్టి దాక్కునే వీల్లేదు. పైన జాలీ మూత, అందులోంచి తేమ అంతా గంటలో పోతుంది. చెయ్యి పెట్టాలంటే పైనుంచే పెట్టాలి; పైనుంచి దిగేదేదైనా పాముకు గద్దే. హాల్లో టీవీ పక్కన ఎల్ఈడీ లైటు వేసి పెడితే వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. పాము మాత్రం తిండి మానేస్తుంది. పాములవాళ్ల వెదురు బుట్ట ఇంతకంటే నయం అనిపించేది ఒక్క విషయంలోనే: చీకటి, ఇరుకు. నీళ్లు లేవు, వెచ్చటి కొసా చల్లటి కొసా లేవు. కోరలు పీకిన నోట్లో చీము పట్టి ఆ పాములు ఎక్కువకాలం బతికేవి కావన్నది వేరే కథ.

వడ్రంగి, అద్దాల దుకాణం

పెద్ద పాముకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పెట్టె కావాలి. పాము ఒళ్లు పూర్తిగా సాగదీసుకునేంత పొడవుండాలన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్న కొలత, కాబట్టి ఐదడుగుల పాముకు పెట్టె కూడా అంత పొడవుండాలి. పిల్ల పాముకు ఇంత పెట్టె ఇస్తే బెదిరిపోతుందంటారు. అది ఖాళీగా ఉంటేనే. కొమ్మలు, ఆకులు, మరుగులు నింపితే పిల్లది కూడా హాయిగానే ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాతో మొదలుపెట్టి ఏడాదిలో మార్చుకోవడమూ తప్పేం కాదు.

బయటి దేశాల పీవీసీ పెట్టెలు తెప్పించుకోవడం ఖర్చు. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ మంచి వడ్రంగి చేతిలో ప్లైవుడ్‌తో ఇంతకంటే తక్కువలో అయిపోతుంది. పైగా మన ఎండలకు చెక్కే మేలు. ఒకే పొర అద్దం కంటే ముప్పావు అంగుళం ప్లైవుడ్ వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పంపుతుంది. నీళ్లకు ఉబ్బని 710 గ్రేడ్ ప్లైవుడ్ తీసుకోవాలి, కిచెన్ సింకు కింద వాడే రకం. లోపలి వైపు నీళ్లలో కలిసే పాలీయురేథేన్ పూత రెండు మూడు సార్లు వేయించి, మూలలకు అక్వేరియం సిలికాన్ కొట్టించాలి. ఆ తర్వాత తలుపు తీసి పెట్టి కనీసం రెండు వారాలు ఆరబెట్టాలి. ముక్కు పెట్టి చూస్తే కొత్త ఫర్నిచర్ వాసన వస్తోందంటే ఇంకా కాలేదన్నట్టు.

తలుపు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పాములు తప్పించుకునేది ఎక్కువగా ఇక్కడి నుంచే. ముందువైపు పక్కకు జరిగే రెండు అద్దాలు పెట్టిస్తే బాగుంటుంది, కిరాణా కొట్టు షోకేసుకు ఉన్నట్టే. అద్దాలు ఒకదాని మీదుగా ఒకటి జరగాలి కాబట్టి రెండింటి మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల సందు ఉండిపోతుంది. షోకేసులో మిఠాయికి ఆ సందుతో ఇబ్బంది లేదు. పెన్సిల్ అంత సన్నగా ఉండే కార్న్ స్నేక్ పిల్లకు అదే రాజమార్గం. తల దూరితే ఒళ్లంతా దూరినట్టే. అల్యూమినియం కిటికీలు చేసేవాళ్ల దగ్గర, కిటికీ రెక్కల మధ్య దుమ్ము రాకుండా అంటించే ఊలు పట్టీ దొరుకుతుంది. వెనక అద్దం అంచుకు అది అంటిస్తే సందు మూసుకుంటుంది, అద్దమూ జరుగుతుంది. ఇక తాళం. రంపపు పళ్లలా ఉండే పట్టీని ఒక అద్దానికి తగిలించి దాని మీదికి తాళం తోస్తారే, ఆ షోకేసు తాళమే సరిగ్గా సరిపోతుంది. పాముకు చేతులు లేకపోవచ్చు గానీ ముక్కుతో అద్దాన్ని తోసే బలముంది, రాత్రంతా తోస్తూ ఉండే ఓపికుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే తాళం చెవి గోడ మేకుకు కాకుండా బీరువాలో ఉండాలి.

గాలికి ఒక పక్క కిందివైపు, ఇంకో పక్క పైవైపు రంధ్రాలు పెట్టించాలి. వేడిగాలి పైనుంచి పోతుంటే కింది నుంచి కొత్త గాలి వస్తుంది. జాలీ కొడితే లోపలి వైపు వద్దు, బయటి వైపు కొట్టాలి. లోపలుంటే పాము ముక్కు రాసి రాసి పుండు చేసుకుంటుంది.

నేల మీద పరచడానికి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) చాలు. ఏ నర్సరీలో అడిగినా ఇటుకలా నొక్కిన దిమ్మ ఇస్తారు. ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆరబెట్టి వాడాలి. మన దగ్గర ఊరికే వచ్చేవి ఇంకో రెండున్నాయి, ఆశపడకూడనివి. ఒకటి మిర్యాలగూడ మిల్లుల ఊక. దానిలో సిలికా ఎక్కువ, నలిగితే దుమ్ము లేస్తుంది, పాము ఊపిరితిత్తులు పాడవుతాయి. రెండోది పాలమూరు వైపు వేరుశనగ పొట్టు. తడి తగిలితే బూజు, పొడిగా ఉంటే పురుగు. దేవదారు, పైన్ చెక్కపొట్టు కూడా వద్దు, వాటి నూనెల ఘాటు పాములకు పడదు. కొత్తగా తెచ్చిన పాముకు మొదటి నెల, నెలన్నర న్యూస్‌పేపరే మేలు. రెట్ట ఎలా ఉంది, ఒంటి మీద నల్లటి చుక్కల్లాంటి గోమార్లేమైనా ఉన్నాయా అన్నది కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది.

దాక్కునే గూళ్లు రెండు ఉండాలి, వెచ్చటి కొసకొకటి, చల్లటి కొసకొకటి. ఒక్కటే పెడితే పాము వేడికీ భద్రతకూ మధ్య ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది, అది ఎప్పుడూ భద్రతనే ఎంచుకుంటుంది. ఒళ్లు కాలుతున్నా గూడు వదలదు. కుమ్మరి దగ్గర చిన్న ముంత కొని, మూతి పక్కన పాము దూరేంత ముక్క తీసి, అంచు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దితే గూడు తయారు. పాము చుట్టుకున్నప్పుడు వీపు ముంత గోడకు తగిలేంత ఇరుకుగా ఉండాలి. పెద్దదైతే దయ చూపినట్టు అనిపిస్తుంది, పాముకు అది వరండాలో పడుకున్నట్టు. ఈ మట్టి ముంతకు ఎండాకాలంలో ఇంకో పని కూడా ఉంది, అది కింద వస్తుంది.

లోపల షాబాద్ బండ ముక్క పెట్టాలనుకుంటే బరువైన దాన్నెప్పుడూ కోకోపీట్ మీద ఆనించకూడదు. పెట్టె అడుగు చెక్క మీదే నిలబెట్టి చుట్టూ కోకోపీట్ పోయాలి. పాము కింద తవ్వుకుంటూ పోతే బండ దాని మీదే కూలుతుంది.

నీళ్ల గిన్నె బరువుగా, పాము మునిగి పడుకునేంత వెడల్పుగా ఉండాలి. బోరు నీళ్లు పోస్తే నల్లగొండలో వారం తిరక్కుండానే గిన్నె చుట్టూ తెల్లటి ఉప్పు చార కడుతుంది. నిమ్మచెక్కతో రుద్ది కడిగితే పోతుంది. దానికోసం ఫినాయిల్ వాడకూడదు.

మే నెల సాయంత్రం నాలుగు గంటలు

స్లాబు ఇంట్లో, పడమటి గోడ ఉన్న గదిని ఊహించుకుంటే చాలు. పొద్దున ఏడింటికి గది 31 డిగ్రీలు. పన్నెండుకు 34. నాలుగింటికి 37. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. బయట ఎండ తగ్గినా రోజంతా వేడి తాగిన స్లాబు, గోడ దాన్ని గదిలోకి వదులుతూనే ఉంటాయి. రాత్రి పదింటికి కూడా 35 దగ్గరే ఉంటుంది. అంటే బాల్ పైథాన్ పెట్టెలో వెచ్చటి కొసకు ఉండాల్సిన దానికంటే చల్లటి కొస ఎక్కువ వేడిగా ఉంటుంది, అదీ హీటర్ లేకుండానే. గంటల తరబడి 35 దాటి ఉంటే పాము ఒళ్లు దెబ్బతింటుంది. 38, 40 దాకా పోతే కొద్దిసేపట్లోనే చచ్చిపోవచ్చు.

హీటర్‌కు థర్మోస్టాట్ (వేడి చాలినంత కాగానే హీటర్‌ను ఆపే పరికరం) పెట్టాం కదా, ఇక టెన్షన్ లేదు అనుకోవడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. థర్మోస్టాట్ హీటర్‌ను ఆపగలదు, ఎండను ఆపలేదు. అది 'ఆఫ్' అని చూపిస్తూ ఉండగానే లోపల 38 కావచ్చు. అందుకే థర్మోస్టాట్‌తో సంబంధం లేకుండా రెండు డిజిటల్ థర్మామీటర్లు కావాలి, ఒక్కో కొసలో ఒక్కో సెన్సార్, నేల ఎత్తులో. పైన గోడకు అంటించిన గుండ్రటి ముల్లు మీటర్లు అలంకారానికే.

షాద్‌నగర్, మహబూబ్‌నగర్ పక్క కోళ్లఫారాల వాళ్లకు ఈ సంగతంతా కొత్త కాదు. కోడిపిల్ల దిగిన మొదటి వారం బ్రూడర్ బల్బులు పెట్టి 32, 33 డిగ్రీలు కాపాడతారు. అదే షెడ్డులో ఏప్రిల్ వచ్చేసరికి పక్కలకు తడి గోనెపట్టాలు కడతారు, కప్పు మీద నీళ్లు చల్లుతారు, ఫాగర్లు తిప్పుతారు. పాము పెట్టెకు కావాల్సిన పరిజ్ఞానం చాలావరకు అదే. థర్మోస్టాట్ కూడా పెంపుడు జంతువుల దుకాణంలోనే దొరకాలని లేదు. గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్లకు వాడే, సెన్సార్ వైరున్న కంట్రోలర్ ఇదే పని చేస్తుంది.

అన్నిటికంటే చవకైన మందు గది మార్చడం. కింది అంతస్తులో, ఉత్తరం వైపు, పైన ఇంకో గది ఉన్న చోట, నేలకు దగ్గరగా. బండపరుపు ఉన్న పాత గూనపెంకుల ఇల్లయితే మరీ మంచిది, మట్టిగోడ పుట్టలాగే పనిచేస్తుంది. రేకుల గదిలో పాము పెంచకపోవడమే మేలు, కూలర్ పెట్టినా లాభం లేదు. కిటికీ పక్క అసలే వద్దు. అద్దాల తలుపు మీద పావుగంట నేరుగా ఎండ పడితే పెట్టె పొయ్యి అవుతుంది, అది డిసెంబరైనా సరే.

తర్వాత ఎయిర్ కూలర్. మన ఏప్రిల్, మే గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది. గది ఏడెనిమిది డిగ్రీలు దిగడం మామూలే, దాంతోపాటు తేమ కూడా 55, 60 శాతం దాకా వస్తుంది. బాల్ పైథాన్‌కు కావాల్సింది సరిగ్గా అదే. కూలర్ గాలి నేరుగా పెట్టె మీదికి కొట్టకూడదు, కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి. మృగశిర కార్తె దాటి గాలిలో తేమ చేరాక కూలర్ ఉత్త ఫ్యానే. ఏసీ ఉన్నవాళ్లు 27 దగ్గర పెట్టుకోవచ్చు గానీ, అది గాలిని ఎండబెడుతుంది. అప్పుడు చల్లటి కొసన ఉన్న మట్టిముంత పైన రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే చాలు. రంజన్ నీళ్లను చల్లబరిచినట్టే, ముంత గోడలోంచి నీరు ఆరిపోతూ లోపలిని రెండు మూడు డిగ్రీలు చల్లబరుస్తుంది.

కరెంటు పోతేనే చిక్కు. ఇంటి ఇన్వర్టర్ మీద హీట్ మ్యాట్ నడుస్తుంది, ఏసీ నడవదు. ఫ్రిజ్‌లో ఎప్పుడూ రెండు లీటరు సీసాల నీళ్లు గడ్డకట్టి ఉంచుకుంటే, అలాంటప్పుడు గుడ్డ చుట్టి పెట్టె పైన ఒక కొసన పెట్టొచ్చు. చల్లగాలి కిందికి దిగుతుంది. సీసాను లోపల పెడితే పాము ఒళ్లు నేరుగా మంచుకు తగులుతుంది, అది ఇంకో గాయం.

వేడి దెబ్బ తగిలిన పాము గంటల తరబడి నీళ్ల గిన్నెలోనే ఉంటుంది, లేదా అద్దం వెంట ఆగకుండా తిరుగుతుంది. ముదిరితే నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, తల నిలపలేక తూలుతుంది. వెంటనే చల్లటి గదికి మార్చి, గోరువెచ్చటి కంటే కాస్త చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ మీద పడుకోబెట్టాలి. ఐసు నీళ్లలో ముంచకూడదు. ఆ తర్వాత డాక్టరు. జిల్లా పశువైద్యశాలల్లో రోజూ వచ్చేవి గేదెలు, మేకలు. పాములు చూసే డాక్టరు కావాలంటే హైదరాబాద్ దాకా, అంటే దాదాపు వంద కిలోమీటర్లు పోవాలి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. ఆ డాక్టరు నంబరు పాము రాకముందే ఫోన్లో ఉండాలి.

మిగతా కాలాలు, చీమలు

చలికాలం తేలిక. డిసెంబరు, జనవరి రాత్రులు 14, 15 డిగ్రీలకు దిగుతాయి. అప్పుడు పెట్టె అడుగున మూడో వంతు మేర హీట్ మ్యాట్, దానికి థర్మోస్టాట్. తిన్నాక ఒళ్లు చల్లబడితే పాము అరిగించుకోలేక కక్కేస్తుంది. లోపల పెట్టే, కరెంటుతో వేడెక్కే రాళ్లు కొనొద్దు. వాటి మీద కడుపు కాలుతున్నా పాము లేచిపోదు. బల్బు వాడితే జాలీ గూడు బిగించాలి, లేదంటే దానికే చుట్టుకుంటుంది.

వానాకాలంలో బయటే 80 శాతం తేమ ఉంటుంది. నీళ్లు చిలకరించడం ఆపేసి, కోకోపీట్ పైపొర ఆరేలా గాలి ఆడనివ్వాలి. ఎప్పుడూ తడిలో పడుకుంటే కడుపు కింది పొలుసులు కుళ్లుతాయి. తేమ సరిగ్గా ఉందో లేదో మీటర్ కంటే కుబుసమే బాగా చెబుతుంది. ఒక్క మేజోడులా ముక్కు నుంచి తోక దాకా ఊడితే సరే. ముక్కలు ముక్కలుగా రాలితే, కంటిపొర ఉండిపోతే తేమ చాలలేదన్నమాట.

పుస్తకాల్లో పెద్దగా కనపడని శత్రువు చీమ. ఎలుక తిన్న వాసనకు ఎర్రచీమలు బారు కట్టాయంటే, బలహీనంగా ఉన్న పిల్ల పామును బతకనివ్వవు. చీమల మందు, దోమల కాయిల్ రెండూ ఆ గదిలో పనికిరావు, వాటిలోని మందులు పాములకు విషం. పాతకాలం ఇళ్లలో అన్నం పెట్టే జాలీ అల్మారా నాలుగు కాళ్ల కిందా నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు. పాము పెట్టెను స్టాండు మీద ఉంచి అదే చేయాలి. గిన్నెల్లో నీళ్లు వారానికోసారి మార్చకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

తిండికి ఇంట్లో బోనులో పడ్డ ఎలుకను వేయకూడదు. అది ఏ ఇంట్లో ఎలుకల మందు తినొచ్చిందో చెప్పలేం, పురుగులూ ఉంటాయి. తిండికోసం పెంచి, గడ్డకట్టించి అమ్మే ఎలుకలే తెచ్చుకుని, కరిగించి వెచ్చబెట్టి చిమటాతో ఇవ్వాలి. మేత పాము ఒంట్లో అన్నిటికంటే లావున్న చోటంత లావుంటే చాలు. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు. బాల్ పైథాన్ కొన్నిసార్లు నెలల తరబడి తినదు. బరువు తగ్గకపోతే కంగారు అక్కర్లేదు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పాముల రెట్టలో జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వొద్దు. గిన్నెను వంటింటి సింకులో కడగొద్దు.

ఇక ఎప్పుడు తెచ్చుకోవాలన్నది. పెట్టె ఫిబ్రవరి, మార్చిలో చేయించి, పాము లేకుండానే ఒక మే నెలంతా నడిపించి చూడాలి. గది, కూలర్, థర్మామీటర్లు అన్నీ పాము ఉన్నట్టే పెట్టి, పొద్దున ఏడు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం నాలుగు, రాత్రి పది గంటలకు రెండు కొసల అంకెలూ పెట్టె పక్కన అంటించిన కాగితం మీద రాయాలి. ఒక్క రోజైనా చల్లటి కొస 32 దాటిందంటే గది మార్చాలి. మార్చడానికి వేరే గది లేకపోతే ఆ ఏడాదికి పాము ఆలోచన మానుకోవాలి. అంకెలు నిలబడితే వానలు కుదురుకున్నాక, ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో తెచ్చుకోవచ్చు. మళ్లీ ఎండలొచ్చేలోపు దాని తిండి, నిద్ర, కుబుసం అన్నీ తెలుసుకోవడానికి ఆరు నెలలు దొరుకుతాయి. వచ్చిన మొదటి వారం అద్దం మీద ఒక గుడ్డ కప్పి, నీళ్లు మార్చడానికి తప్ప తలుపు తీయకూడదు. చూడ్డానికి వచ్చే చుట్టాలను రెండో వారం రమ్మనాలి.